నాన్న భక్తి నిజమా, మరి నాది?

వందనాలు చెల్లీ. నీ ఉత్తరం చాలా పొడుగ్గా ఉంది, అంతా ఇక్కడ పెట్టలేను, పెట్టకూడదు కూడా, నువ్వెవరో తెలిసిపోతుంది. మిగతా వాళ్ళకి అర్థం కావడానికి సారాంశం మాత్రం చెప్తాను. మీ నాన్నగారు సంఘంలో పెద్ద. ఆయన ప్రార్థన చేస్తే జనం కన్నీళ్ళు పెట్టుకుంటారు, ప్రతి శుక్రవారం ఉపవాసం, దశమభాగం (ఆదాయంలో పదోవంతు కానుక) ఒక్క నెల కూడా తప్పరు, తెల్లారకముందే లేచి బైబిల్ చదువుతారు, రోజూ స్టేటస్ లో వాక్యం పెడతారు. ఇంటికొస్తే మాత్రం చిన్న విషయానికే కేకలు, వారాల తరబడి మాట్లాడకపోవడం, ఎప్పుడైనా కోపం ఎక్కువైతే అమ్మ మీద చెయ్యి చేసుకోవడం. అమ్మేమో "ఎవరికీ చెప్పకు, మన సాక్ష్యం పాడైపోతుంది" అంటుంది. నువ్వు క్వయర్ లో పాడతావు. ఈ మధ్య చేతులెత్తి పాడుతుంటే లోపల ఏమీ అనిపించట్లేదు, పక్కన నాన్న గొంతు వింటుంటే ఒళ్ళు మండుతోంది, ఆ తర్వాత నేను కూడా ఆయనలాగే నటిస్తున్నానేమో అని భయం వేస్తోంది అని రాశావు. అడిగినవి మూడు. నాన్న భక్తి అంతా వేషమేనా, నాది నిజమైన విశ్వాసమా కాదా ఎలా తెలుస్తుంది, నిజం అయ్యేదాకా పాడటం మానేయాలా.

నేను నువ్వు అడగని దాంతో మొదలుపెడతా. చెయ్యి చేసుకోవడం అని నువ్వు ఒక వాక్యంలో రాసి దాటేశావు, ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసింది అదే. అది భక్తి గురించిన చర్చ తేలేదాకా ఆగే విషయం కాదు. మీ నాన్నగారి విశ్వాసం నిజమైనా అబద్ధమైనా అమ్మకి దెబ్బ తగిలేది ఒకేలా తగులుతుంది. కాబట్టి ముందు అమ్మ సేఫ్ గా ఉండాలి, ఆయనకి కోపం వచ్చిన రోజు అమ్మ వెళ్ళి ఉండడానికి ఒక ఇల్లు, ఫోన్ చేస్తే వెంటనే వచ్చే మనిషి, ఈ రెండూ ముందే అనుకుని పెట్టుకోండి. ప్రాణం మీదికి వస్తుంది అనిపిస్తే పోలీసుల దగ్గరికి వెళ్ళడం అవిశ్వాసం కాదు. విశ్వాసులం చట్టం దగ్గరికి వెళ్ళొచ్చా అని చాలా మంది అడుగుతారు. అపొస్తలుల కార్యములు 22 చదువు, యెరూషలేములో సైనికులు పౌలుని వార్లతో కట్టేసి కొరడాలతో కొట్టబోతుంటే ఆయన కళ్ళు మూసుకుని ఓర్చుకోలేదు, శిక్ష విధించకుండా రోమా పౌరుణ్ణి కొట్టడం మీకు చట్టమా అని నిలబెట్టి అడిగాడు, అధికారి భయపడి ఆపేశాడు. క్రీస్తు కోసం ఎన్నోసార్లు దెబ్బలు తిన్న మనిషే, తప్పించుకునే న్యాయమైన దారి ఉన్నప్పుడు వాడుకున్నాడు.

ఇక సాక్ష్యం సంగతి. అమ్మ మీద నాకు కోపం లేదు, ఎన్నేళ్ళుగా ఆ మాట మీదే బతుకుతోందో పాపం. కానీ ఆ మాట తప్పు. సాక్ష్యం పాడయ్యేది కొట్టినప్పుడు, బయటికి చెప్పినప్పుడు కాదు. 1 తిమోతి 3లో పౌలు సంఘంలో అధ్యక్షుడిగా ఉండేవాడికి ఏం అర్హతలు ఉండాలో రాస్తూ కొట్టేవాడై ఉండకూడదు, సాత్వికుడై ఉండాలి, తన ఇంటివాళ్ళని బాగా చూసుకోవాలి అంటాడు, సొంత ఇంటిని చూసుకోవడం తెలియనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకుంటాడు అని సూటిగా అడుగుతాడు కూడా. అంటే పెద్ద అనే హోదా తీసుకున్న రోజే ఆయన ఇంటి సంగతి సంఘం సంగతి అయిపోయింది, "అది మా ఇంటి విషయం" అనడానికి ఇక లేదు. అదే పత్రిక 5వ అధ్యాయంలో దారి కూడా చెప్పాడు, పెద్ద మీద ఒక్కరి మాట పట్టుకుని ఫిర్యాదు తీసుకోవద్దు, ఇద్దరో ముగ్గురో సాక్షులు ఉండాలి, పాపం చేస్తూ ఉన్నవాళ్ళని మాత్రం అందరి ముందూ గద్దించాలి, పక్షపాతం వద్దు అని. నువ్వూ అమ్మా ఇద్దరూ ఉన్నారు కదా. పాస్టర్ అయ్యగారికి చెప్పండి, ఆయన భార్య మంచి మనిషైతే ఆవిడకే ముందు చెప్పండి. "లోబడి ఉండు, ప్రార్థన చెయ్యి, మారతాడు" అని పంపించేస్తే ఆ సలహా తీసుకోవద్దు, ఇంకో పెద్ద మనిషిని చూసుకోండి.

సరే, ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. నాన్న భక్తి వేషమా.

చాలా మంది ఇక్కడ ఈజీగా ఒక మాట అనేస్తారు, ఉపవాసాలు దశమభాగాలు చేతులెత్తడాలు ఇవన్నీ పైపై భక్తి, అసలు విశ్వాసం మనసులో ఉంటుంది అని. నాకు ఈ మాట నచ్చదు, ఎందుకంటే యేసు అలా అనలేదు. మత్తయి 6 తీసి చూడు, ధర్మం చేసేటప్పుడు, ప్రార్థన చేసేటప్పుడు, ఉపవాసం చేసేటప్పుడు అని మూడింటికీ "చేసేటప్పుడు" అనే అంటాడు, చేస్తారనే ఆయన లెక్క. మనుషులకి కనపడాలని చేయొద్దు అన్నాడంతే. పుదీనాలో సోపులో జీలకర్రలో కూడా పదోవంతు లెక్కగట్టి ఇచ్చే శాస్త్రుల్నీ పరిసయ్యుల్నీ (మోషే ధర్మశాస్త్రం నేర్పేవాళ్ళనీ, దాన్ని అణువణువూ పాటించేవాళ్ళనీ) మత్తయి 23లో అంత గట్టిగా తిట్టాడు కదా, అక్కడ కూడా ఆ పదోవంతు మానేయమనలేదు, న్యాయం కనికరం విశ్వాసం వదిలేశారు, అవి చేస్తూ ఇవి మానకుండా ఉండాల్సింది అన్నాడు. కాబట్టి మీ నాన్న తెల్లారకముందే లేచి చదవడం తప్పు కాదు, లేవని వాడు ఆయన కంటే నిజమైనవాడూ అయిపోడు. "నాకు పైపై భక్తి లేదు, మనసులో ఉంది" అని చెప్పుకుంటూ ఏమీ చెయ్యని వాళ్ళని కూడా బోలెడంత మందిని చూశాను, అది కూడా ఒక రకం షో నే.

పనులు చూసి తేడా కనిపెట్టలేం, అదే ఇందులో చిక్కు. లూకా 18లో దేవాలయానికి వెళ్ళిన ఇద్దర్నీ చూడు. పరిసయ్యుడు వారానికి రెండు సార్లు ఉపవాసం అంటాడు, ధర్మశాస్త్రం అడిగింది ప్రాయశ్చిత్త దినాన, ఏడాదికి ఒక్కసారి. అతను అబద్ధం చెప్తున్నాడని యేసు ఎక్కడా అనలేదు, చేసే ఉంటాడు. దేవా నీకు కృతజ్ఞతలు అనే మొదలుపెట్టాడు కూడా. అయితే ఆ ప్రార్థనలో అతను దేవుణ్ణి ఒక్కటి కూడా అడగడు, గమనించావా? క్షమించు అనడు, సాయం చెయ్యి అనడు, అవసరం ఏదీ లేదు అతనికి, పక్కనున్న సుంకరితో (పన్నులు వసూలు చేసేవాడితో) పోల్చుకుని రిపోర్ట్ ఇచ్చి వెళ్ళిపోయాడు. సుంకరి రొమ్ము కొట్టుకుంటూ "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు, నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్ళింది అతనే. (మధ్యలో ఒక మాట. అపొస్తలుల తర్వాత వచ్చిన తొలి తరాల వాళ్ళు రాసుకున్న ఒక చిన్న బోధ పుస్తకంలో వేషధారులు సోమవారం గురువారం ఉపవాసం ఉంటారు, మీరు అలా కాదు, బుధవారం శుక్రవారం ఉండండి అని ఉంటుంది. చదివినప్పుడల్లా నవ్వొస్తుంది నాకు, రోజులు మారిస్తే వేషం పోతుందా. అయినా మనం అందరం ఎంతో కొంత ఇదే చేస్తుంటాం.)

మరి తేడా ఎక్కడ కనిపిస్తుంది? నా మట్టుకు నాకు అనిపించేది, బాగా నడుస్తున్నంత కాలం ఎక్కడా కనపడదు, తప్పు దొరికిపోయిన రోజు కనిపిస్తుంది. పైపై భక్తికి ఆ రోజు పేరు కాపాడుకోవడమే పని, నిజమైన విశ్వాసం ఆ రోజు పేరు పోయినా సరే దేవుని దగ్గరికి పోతుంది. బైబిల్ లో దీనికి ఇద్దరు రాజులు ఉన్నారు, ఇద్దరూ పాపం చేశారు, ఇద్దరినీ ప్రవక్తలే వచ్చి పట్టుకున్నారు, ఇద్దరి నోటి నుంచీ "నేను పాపము చేసితిని" అనే మాటే వచ్చింది, కానీ ఆ తర్వాత జరిగింది ఒకటి కాదు.

1 సమూయేలు 15లో సౌలు. అమాలేకీయుల మీద యుద్ధం, అక్కడున్నదంతా నాశనం చెయ్యమని ఆజ్ఞ. సౌలు వాళ్ళ రాజైన అగగుని, మంచి మంచి గొర్రెల్ని ఎడ్లని ఉంచేసుకున్నాడు, మధ్యలో కర్మెలులో తన పేరు మీద ఒక జ్ఞాపక స్తంభం కూడా నిలబెట్టుకున్నాడు. సమూయేలు ప్రవక్త రాగానే తనే ఎదురొచ్చి యెహోవా ఆజ్ఞ నెరవేర్చాను అంటాడు, నిన్ను యెహోవా ఆశీర్వదించు గాక అని దీవెన కూడా ముందు పెట్టి మరీ. అయితే ఈ గొర్రెల అరుపులేంటి అని సమూయేలు అడిగితే, జనం ఉంచారు, అదీ దేవుడికి బలి ఇవ్వడానికే అంటాడు. చూశావా చెల్లీ, తప్పు మీద దుప్పటి కప్పాల్సొచ్చేసరికి చేతికి దొరికింది ఆరాధనే. చివరికి తప్పించుకునే దారి లేక పాపం చేశాను అన్నాడు, కానీ దాని వెనకాలే, అయినా నా జనుల పెద్దల ముందు ఇశ్రాయేలీయుల ముందు నన్ను ఘనపరచు, నేను యెహోవాకు మొక్కడానికి వెళ్తాను, నాతో కూడా రా అని బతిమాలుకున్నాడు. అంటే ప్రార్థనకి వెళ్ళాలి, పక్కన ప్రవక్త కనపడాలి, జనం చూడాలి. వెళ్ళాడు, మొక్కాడు. ఆ రోజు చూసిన వాళ్ళకి ఏమీ తేడా తెలిసి ఉండదు.

దావీదు చేసింది లెక్కేస్తే సౌలు కంటే ఘోరం, వేరే వాడి భార్యని తెచ్చుకుని ఆ మనిషిని యుద్ధంలో చంపించాడు. నెలల తరబడి దాచాడు కూడా, ఆ నెలల్లో ఆరాధనకి పోకుండా ఉన్నాడని నేను అనుకోను. నాతాను ప్రవక్త వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అనేసరికి 2 సమూయేలు 12లో అతని జవాబు ఒక్క ముక్క, యెహోవాకు విరోధంగా పాపం చేశాను. పెద్దల ముందు నా పరువు అనలేదు. క్షమాపణ దొరికింది, కానీ పర్యవసానాలు పోలేదు, బిడ్డ చనిపోయాడు, ఇంట్లో కత్తి ఆగలేదు, అవి తప్పించుకోవడానికి ఒప్పుకున్నాడు అనడానికి లేదు. పైగా 51వ కీర్తన పైన ఉండే మాటలు ఎప్పుడైనా చదివావా? దావీదు బత్షెబ దగ్గరికి వెళ్ళిన తర్వాత నాతాను ప్రవక్త వచ్చినప్పుడు రచించినది అని రాసి, ప్రధాన గాయకునికి ఇచ్చారు దాన్ని. రాజు పరువు పోయిన సంగతి క్వయర్ చేతికి పాటగా వెళ్ళింది. "విరిగి నలిగిన హృదయమును నీవు అలక్ష్యము చేయవు" అని మనం పాడుకునే మాట అలా వచ్చింది, నువ్వు క్వయర్ లో ఉన్నావు కాబట్టి నీకు బాగా అర్థమవుతుంది అనుకుంటా.

దీన్ని మీ నాన్నగారికి పెట్టి చూడు. ఆయన కన్నీళ్ళు అబద్ధమని నేను అనను, నాకు తెలియదు, నీకూ తెలియదు, నిజంగానే ఏడుస్తుండొచ్చు. మలాకీ 2లో ఇలాంటి కన్నీళ్ళ గురించే ఉంది. యెహోవా బలిపీఠాన్ని కన్నీళ్ళతో ఏడుపుతో కప్పేస్తున్నారు, ఆయన మాత్రం నైవేద్యం తీసుకోవట్లేదు, ఎందుకు తీసుకోవట్లేదు అని అడుగుతున్నారు. జవాబు ఏంటంటే, నీ యౌవన కాలపు భార్యకి నువ్వు ద్రోహం చేశావు, దానికి యెహోవా సాక్షిగా ఉన్నాడు అని. పేతురు కూడా తన మొదటి పత్రిక 3:7లో భర్తలకి చెప్పేది ఇదే, భార్యలని సన్మానించండి, లేకపోతే మీ ప్రార్థనలకి అడ్డం వస్తుంది అని. అంటే స్టేజీ మీద ఎంత బాగా చేసినా ఇంట్లో అమ్మతో ఉన్న తీరు ఆ ప్రార్థన దారిలో అడ్డంగా నిలబడి ఉంటుంది. నీకు ఒళ్ళు మండుతోంది అన్నావు కదా, దేవుడి మాటలు చూస్తే ఆయనకీ మండుతోంది. నీ కోపం చూసి నువ్వు భయపడాల్సిన పనిలేదు, దాంతో ఏం చేస్తావు అన్నదే చూసుకో.

కానీ నాన్న రక్షణ పొందాడా లేదా అని తీర్పు చెప్పమంటే నేను చెప్పను, నువ్వూ చెప్పకు. యేసు చెప్పిన గోధుమలు గురుగుల (కలుపు మొక్కల) ఉపమానంలో పెరికేస్తామని పనివాళ్ళు అంటే యజమాని వద్దన్నాడు, కోత దాకా ఉండనివ్వమన్నాడు. చేసిన పనిని తప్పు అనడం వేరు, మనిషి లెక్క మూసేయడం వేరు. మొదటిది గట్టిగా చెయ్యాలి, రెండోది మన చేతిలో లేదు. ఎందుకు ఇంత జాగ్రత్తగా అంటున్నానంటే జాన్ న్యూటన్ సంగతి ఒకటి ఉంది, పాటల రచయితగా ఆయన పేరు నువ్వు వినే ఉంటావు. 1748 మార్చిలో అట్లాంటిక్ మీద తుఫానులో ఓడ మునిగిపోయేలా ఉంటే దేవుణ్ణి పిలిచాడు, అప్పటినుంచి మారాడని మనం సాక్ష్యాల్లో చెప్పుకుంటాం. అక్కడితో ఆపేస్తాం, ఆ తర్వాతిది చెప్పం. ఆ తర్వాత 1750 నుంచి 1754 దాకా బానిసల్ని మోసే ఓడలకి కెప్టెన్ గా మూడు ప్రయాణాలు చేశాడు. ఆదివారం నావికులతో ఆరాధన జరిపేవాడు, బైబిల్ చదువుకునేవాడు, కింద ఓడ అరలో మనుషులు గొలుసుల్లో ఉండేవాళ్ళు. పైన ప్రార్థన, కింద గొలుసులు! చివరికి ఓడ పని మానడం కూడా పశ్చాత్తాపంతో కాదు, 1754లో ఆరోగ్యం దెబ్బతిని మానేశాడు. 1764లో పాస్టర్ అయ్యాడు. బానిస వ్యాపారం గురించి బయటికి నోరు విప్పింది 1788లో, ఒక చిన్న పుస్తకం అచ్చువేసి తను చేసింది, చూసింది, ఓడల్లో మనుషుల్ని ఎలా కుక్కేవారో అన్నీ రాసి, ఒకప్పుడు ఇందులో నేనూ చురుగ్గా పాల్గొన్నాను, అది నాకు ఎప్పటికీ సిగ్గే అని ఒప్పుకున్నాడు. పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం కూడా ఇచ్చాడు. అది ఆయనకి పేరు తెచ్చే ఒప్పుకోలు కాదు, ఉన్న పేరు మీద మచ్చ పడే ఒప్పుకోలు.

ఇది నీకు ఓదార్పుగా చెప్పట్లేదు, అపార్థం చేసుకోకు. 1748కీ 1788కీ మధ్య 40 ఏళ్ళు, ఆ ఓడ అరలో చనిపోయిన వాళ్ళకి ఆయన పశ్చాత్తాపం వల్ల ఒరిగింది ఏమీ లేదు. నాన్న ఏదో ఒక రోజు మారతారులే అని అమ్మ అప్పటిదాకా దెబ్బలు తినాలి అనడానికి ఈ కథ వాడితే నాకంటే బాధపడేవాళ్ళు ఉండరు. తుఫానులో ప్రార్థన చేశాడు, ఆదివారాలు ఆరాధన చేశాడు, వాటిల్లో ఏది చూసి ఆ మనిషి విశ్వాసం నిజం అనుకోగలం? న్యూటనే తర్వాత రాసుకున్నాడు, తుఫాను తర్వాత చాలా కాలం దాకా నేను పూర్తి అర్థంలో విశ్వాసిని అని అనుకోలేను అని. బయటపడి ఒప్పుకున్న ఆ చిన్న పుస్తకాన్నే నేను నమ్ముతాను.

ఇక నీ విషయం. చేతులెత్తి పాడుతుంటే ఏమీ అనిపించట్లేదు, కాబట్టి నాది నటన అని లెక్కేసుకున్నావు. ఇక్కడ నువ్వు రెండు వేరు వేరు విషయాల్ని కలిపేశావు. నటన అంటే లోపల లేనిది ఉన్నట్టు జనానికి చూపించి పేరు తెచ్చుకోవాలని చూడటం. తొలి సంఘంలో అననీయ సప్పీరా అనే భార్యాభర్తలు చేసింది అది, పొలం నీదే కదా, అమ్మాక డబ్బు కూడా నీ చేతిలోనే ఉంది కదా అని పేతురే అన్నాడు, సగం ఇచ్చి సగం ఇచ్చాం అని చెప్పి ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, మొత్తం ఇచ్చామనిపించుకోవాలని చూశారు. నువ్వు చేస్తోంది అది కాదు. లోపల ఎండిపోయి, ఆ ఎండిపోయిన సంగతి దాచలేక ముక్కూమొహం తెలియని నాకు రాశావు. వేషం వేసేవాళ్ళకి ఈ దిగులు రాదమ్మా. 88వ కీర్తన చదువు ఈ రాత్రి, మొదట్నుంచి చివరిదాకా చీకటే, ఆఖరి మాట కూడా చీకటే, మిగతా కీర్తనల్లాగా చివర్లో స్తుతి కూడా రాదు. అయినా అది కీర్తనల్లో ఉంది, అంటే అదీ ప్రార్థనే. మార్కు 9లో దయ్యం పట్టిన కుర్రాడి తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని ఒకే శ్వాసలో రెండూ అన్నాడు, యేసు ముందు నీ సంగతి తేల్చుకుని రా అని పంపించలేదు, బిడ్డని బాగుచేశాడు.

ఫీలింగ్స్ ని పట్టుకుని విశ్వాసాన్ని కొలిస్తే ఏమవుతుందో మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీని చూస్తే తెలుస్తుంది. ఆయన 1728లోనే ఆంగ్లికన్ పాదిరి, ఆక్స్‌ఫర్డ్ లో స్నేహితులతో కలిసి బుధవారం శుక్రవారం ఉపవాసాలు, జైల్లో ఖైదీల దగ్గరికి వెళ్ళడం, టైమ్ టేబుల్ వేసుకుని మరీ భక్తి చేసేవాడు. మిషనరీగా అమెరికా వెళ్తుంటే ఓడ తుఫానులో పడింది, మొరేవియన్ సంఘం (ఒక జర్మన్ ప్రొటెస్టెంట్ శాఖ) వాళ్ళు ప్రశాంతంగా పాటలు పాడుకుంటుంటే ఈయన చావు భయంతో వణికాడు, అప్పుడు తెలిసింది ఆయనకి తన దగ్గర ఏదో లేదని. తిరిగొచ్చాక 1738లో పీటర్ బోలర్ అనే మొరేవియన్ యువకుడితో ఇదే అడిగాడు, నువ్వు నన్ను అడిగిందే, నాకే విశ్వాసం లేదు, ఇతరులకి ప్రసంగించడం మానేయాలా అని. అస్సలు మానొద్దు అన్నాడు బోలర్. మరి ఏం ప్రసంగించాలి అంటే, విశ్వాసం వచ్చేదాకా విశ్వాసం గురించి ప్రసంగించు, వచ్చాక వచ్చింది కాబట్టి ప్రసంగిస్తావు అన్నాడు. ఆ మే 24న ఒక చిన్న కూటంలో జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ రోమా పత్రికకి రాసిన ముందుమాట ఎవరో చదువుతుంటే తన గుండె వింతగా వెచ్చబడింది, క్రీస్తుని మాత్రమే నమ్ముకున్నాను అనిపించింది అని రాసుకున్నాడు. సాక్ష్యాల్లో ఇది కూడా ఇక్కడే ఆపేస్తారు. 1739 జనవరిలో, అంటే ఏడాది కూడా తిరగకుండానే, నేను ఇప్పుడు క్రైస్తవుణ్ణి కాను అని జర్నల్ లో రాశాడు, ఆనందం లేదు ప్రేమ లేదు అని. ఆ వెచ్చదనం మీద నిలబడి ఉంటే అక్కడితో ఆయన పని అయిపోయేది. నిలబెట్టేది మన లోపల అనిపించేది కాదు, క్రీస్తు చేసింది. ఎఫెసీ 2లో కృప చేతనే విశ్వాసం ద్వారా రక్షణ, మన క్రియల వల్ల కాదు అన్న వెంటనే సత్క్రియలు చెయ్యడానికే సృష్టించబడ్డాం అని కూడా ఉంది కదా, ఆ రెండింటి మధ్య ఫీలింగ్ అనే మాట ఎక్కడా రాదు.

మరి ఏదీ చూసుకోకూడదా అంటే చూసుకో, కానీ పాట పాడేటప్పుడు కాదు. ఎవరూ చూడని చోట నీ మాట ఎలా ఉంది, నీకు తిరిగి ఏమీ ఇవ్వలేని వాళ్ళతో ఎలా ఉంటావు, తప్పు నీదని తెలిసినప్పుడు సారీ చెప్పి ఆపుతావా, లేక సారీ తర్వాత "కానీ నువ్వు కూడా" అని మొదలుపెడతావా. యాకోబు ఒకటో అధ్యాయం చివర్లో నాలుకకి కళ్ళెం వేసుకోకుండా భక్తిగలవాణ్ణి అనుకుంటే ఆ భక్తి వ్యర్థం అంటాడు, విధవరాళ్ళని అనాథల్ని వాళ్ళ ఇబ్బందిలో చూసుకోవడం నిజమైన భక్తి అంటాడు. జక్కయ్య చెట్టు దిగి యేసుని ఇంటికి తీసుకెళ్ళాక ఏమీ పాడలేదు, ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు అన్నాడు. ధర్మశాస్త్రం ప్రకారం తనంతట తాను ఒప్పుకున్నవాడు తీసుకున్నది తిరిగిచ్చి ఇంకో అయిదో వంతు కలిపితే చాలు, లెక్కలు తెలిసిన సుంకరి లెక్క మర్చిపోయాడు. వీటిల్లో నీకు లోటు కనిపిస్తే, కనిపిస్తుంది, అందరికీ కనిపిస్తుంది, అప్పుడు ఏం చెయ్యాలో లూకా 18లోని ఆ సుంకరి ప్రార్థన ఉంది.

ఇప్పుడు ప్రాక్టికల్ గా. నాన్నతో నువ్వు ఒక్కదానివే కోపం మీద ఉన్నప్పుడు మాట్లాడకు, ముఖ్యంగా ఆయన అమ్మ మీద తీర్చుకుంటారనిపిస్తే అస్సలు మాట్లాడకు, అయ్యగారో ఇంకో పెద్దో పక్కన ఉండాలి. మాట్లాడినప్పుడు "మీది దొంగ భక్తి" అనకు, అంటే ఆయన తన భక్తి నిరూపించుకునే పనిలో పడతారు, ఉపవాసం ఇంకో రోజు పెంచుతారు. ఏ రోజు ఏం జరిగింది, అమ్మకి ఎక్కడ తగిలింది, అదే చెప్పండి. ఆయన ఏం జవాబు చెప్తారో జాగ్రత్తగా విను. "బయట చెప్పారా, నా పరువేం కావాలి" అన్నారనుకో, తెలిసిపోయినట్టే. సంఘం ముందు ఏడ్చి క్షమాపణ అడిగినా వెంటనే అన్నీ సర్దుకున్నట్టు కాదు, పెద్దరికం పక్కన పెట్టి సాయం తీసుకోవడానికి ఒప్పుకుంటున్నారా, అమ్మ వేరే చోట కొన్నాళ్ళు ఉంటానంటే ఉండనిస్తున్నారా, అది చూడండి. క్షమించడం అంటే వెంటనే అదే గదిలోకి తిరిగి వెళ్ళడం కాదు, అమ్మకి ఇది ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి, నువ్వు చెప్తే వినకపోతే ఈ సమాధానం చూపించు.

పాడటం మానకు. కానీ చేతులెత్తాలనిపించకపోతే ఎత్తకు, పక్కవాళ్ళు ఎత్తారు కాబట్టి ఎత్తాల్సిన రూల్ ఏదీ లేదు. నాన్న పక్కన నిలబడి పాడలేకపోతున్నా అంటే కొన్ని వారాలు క్వయర్ లోంచి దిగి వెనక బల్ల మీద కూర్చో, అది విశ్వాసం వదిలేయడం కాదు, క్వయర్ లీడర్ కి కారణం చెప్పాల్సిన పని కూడా లేదు. సంఘానికి మాత్రం వెళ్తూ ఉండు, అక్కడ కాకపోతే ఇంకో సంఘానికి వెళ్ళు. అమ్మ విషయం ఆదివారం దాకా ఆపొద్దు, ఈ వారంలోనే ఒక్కరికైనా చెప్పండి, చెప్పాక వాళ్ళు ఏమన్నారో నాకు రాయి, వాళ్ళు సర్దుకుపొమ్మన్నారంటే తర్వాత ఎవరి దగ్గరికి వెళ్ళాలో అప్పుడు చూద్దాం.